శుక్రవారం రాబోయే జ్వరం

నాకు కుదురు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి నాకు వలెన్సియా ప్రయాణం కావాల్సి వచ్చింది. ప్రయాణం కూడా కాదు, దానికి ముందు మూడు వారాల పాటు నేను పడ్డ హైరానా. డార్మ్‌స్టాట్‌లో మూడో అంతస్తులో మా ఇల్లు. ఆఫీసు నుంచి రాగానే వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, కుక్కర్ విజిల్స్ మధ్యలో ఆ ఊళ్లో మూడు రోజులు ఎక్కడెక్కడ తిరగాలో రాసుకునేదాన్ని. సోమవారం రాసింది మంగళవారానికి నచ్చేది కాదు. పాత బజారు ముందా, సముద్రం ముందా అని మనసు ఊగేది. పప్పు రెండుసార్లు మాడింది.

ఈ ఆత్రానికి ఒక కారణం ఉంది. జర్మనీకి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్ల సెలవులూ ఇండియాకే పోయాయి. ఒక ఏడు మరిది పెళ్లి, ఇంకో ఏడు అక్క వాళ్ల గృహప్రవేశం. యూరప్‌లో ఉన్నావు కదా, ఏమేం చూశావని అక్కడ ఎవరైనా అడిగితే, ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు బాగా చూశానని చెప్పేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల ఒళ్లు మండేది. అందుకే ఈసారి అక్టోబరు సెలవులకు ఎవరు పిలిచినా పోయేది లేదని, మూడు రోజులైనా సరే మా ముగ్గురమే ఎక్కడికైనా వెళ్లాలని పట్టుబట్టాను.

వలెన్సియానే ఎందుకంటే అక్కడ పెద్ద చేపల మ్యూజియం ఉంది. గాజు సొరంగంలో నడుస్తుంటే నెత్తి మీద నుంచి సొరచేపలు ఈదుకుంటూ పోతాయి. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి సొరచేపలంటే ప్రాణం. నా స్వార్థం వేరే. ఊరి బయట ఒక సరస్సు, దాని చుట్టూ వరి పొలాలు ఉన్నాయని చదివాను. బస్సెక్కితే గంట కూడా పట్టదట. యూరప్‌లో వరి పొలం ఒడ్డు మీద నిలబడాలని నాకు ఎందుకో పిచ్చి పట్టింది. మా ఆయనకు చెబితే, ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు.

"అక్టోబర్ల కోతలు అయిపోయుంటయ్. కొయ్యకాళ్లు చూస్తందుకు స్పెయిన్ దాకా పోవాల్నా?"

ఆయన పెట్టిన షరతు ఒక్కటే, సోమవారం మధ్యాహ్నానికి ఆఫీసులో ఉండాలి. అంటే శుక్రవారం పొద్దున బయలుదేరితేనే మూడు రోజులు దక్కుతాయి. ఆఫీసులో భోజనాల వేళ టికెట్లు కొనేశాను. కొన్నాక కూడా నిలవలేక, అదే రోజు సాయంత్రం పై బీరువాలోంచి సూట్‌కేసు దించి దులిపాను. పనిలో పనిగా నాకు శుక్రవారం సెలవు కూడా పెట్టేసుకున్నాను.

మర్నాడు ఆఫీసులో, హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితురాలితో ఈ సంగతి చెప్పాను. ఆమెకు ఇద్దరు పిల్లలు, ఇక్కడి బడుల రూల్సన్నీ నోటికి వచ్చు. శుక్రవారం అనగానే ఆగింది. సెలవులు మొదలయ్యేది సోమవారం కదా, శుక్రవారం బడి ఉంది కదా అంది. సెలవులకు ముందు రోజు పిల్లను మానిపించాలంటే నెల ముందే హెడ్‌మిస్ట్రెస్‌కు కాగితం రాసి అనుమతి తీసుకోవాలట. లేదంటే డాక్టర్ చీటీ ఉండాలట. ఇక్కడ బడి మానడం అంటే చట్టంతో పని. సెలవుల ముందు కొన్ని ఎయిర్‌పోర్టుల్లో పోలీసులు పిల్లల్ని ఆపి, ఇవాళ బడి లేదా అని అడుగుతారని కూడా చెప్పింది. నెల గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇంటికి వెళ్లాక ఆయనకు ఈ మాట చెప్పలేదు.

ఇక్కడ మా అమ్మాయి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆరేళ్లు నిండేదాకా ట్రామ్‌లో పిల్లలకు టికెట్ అక్కర్లేదు. దాని ఆరో పుట్టినరోజు అయిన వారానికి ఇద్దరం ట్రామ్‌లో పోతుంటే టికెట్లు చూసే మనిషి ఎక్కాడు. నా టికెట్ చూసి, దాన్ని చూసి నవ్వి ముందుకు పోబోయాడు. ఇది అతని చెయ్యి పట్టుకుని ఆపి, తనకు పోయిన వారమే ఆరు నిండాయని చెప్పింది. జుర్మానా కట్టి ఇంటికి వచ్చేదాకా దానితో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మాత్రం అందరికీ ఫోన్లు చేసి గొప్పగా చెప్పుకున్నాను. అప్పటి నుంచి నాకు ఒక నిశ్చింత. దాన్ని ఏది అడిగినా రెండోసారి అడిగే పని లేదు. పళ్లు తోముకున్నానంటే తోముకున్నట్టే. బడిలో ఎవరూ ఏడిపించలేదంటే ఏడిపించనట్టే.

అట్లాంటి పిల్లకు తల్లినై ఉండి నేను చేసిన పని ఇది. మా హనుమకొండ బడిలో లీవ్ లెటర్ అంటే ఒకటే లెటర్. నాకు జ్వరంగా ఉన్నందున సెలవు ఇప్పించగలరని ప్రార్థన. మేనమామ పెళ్లికీ జ్వరమే, జాతరకూ జ్వరమే. హెడ్‌మిస్ట్రెస్ సంతకం కావాలి కాబట్టి ఒకటి రెండు రోజుల ముందే ఇచ్చేవాళ్లం. రాబోయే జ్వరానికి ముందుగా సెలవు అడగడంలో మాకు గానీ టీచర్లకు గానీ వింత ఏమీ తోచేది కాదు. తిరిగి వెళ్లాక, పెళ్లిలో జ్వరం బాగా భోంచేసిందా అని మా తెలుగు టీచరు అడిగేది. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోలేదు. అది ఒక మర్యాద, అంతే.

ఆ అలవాటుతోనే మంగళవారం సాయంత్రం బడి యాప్ తెరిచాను. శుక్రవారం పొద్దున రాయాల్సిన మెసేజ్‌ను శుక్రవారం దాకా కడుపులో దాచుకునే ఓపిక నాకు లేదు. ఒక పని అయిపోతుంది కదా అనుకుని, వ్యాకరణం రెండుసార్లు సరిచూసుకుని మరీ మంచి జర్మన్‌లో రాశాను. మా అమ్మాయి జ్వరం కారణంగా శుక్రవారం బడికి రాలేదు, దయచేసి మన్నించగలరు. పంపాక ప్రాణం కుదుటపడింది. ఆ ఊపులోనే సొరచేపల మ్యూజియం టికెట్లు కూడా తీసుకున్నాను.

అరగంటలో క్లాస్ టీచర్ జవాబు వచ్చింది. మీ అమ్మాయి ఇవాళ ఆటల పీరియడ్‌లో చక్కగా పరుగెత్తింది, శుక్రవారం జ్వరం వస్తుందని మీకు మంగళవారమే ఎట్లా తెలిసిందో తెలుసుకోవాలని ఉంది, గురువారం పొద్దున ఏడూ నలభైకి మీరూ మీ అమ్మాయీ రండి అని రాసింది. ఈ దేశంలో ఎవరిని కలవాలన్నా టెర్మిన్ కోసం వారాల తరబడి కాచుకోవాలి. ఇది మాత్రం అడక్కుండానే దొరికింది.

ఇక దాచి లాభం లేదని ఆయనకు అంతా చెప్పాను. మెసేజ్ చదివి కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపి, నిజం చెప్పెయ్యి, పోతే పోతది అన్నాడు. ఎట్లా పోతుంది? అమ్మాయి తన గది గోడ నిండా సొరచేపల బొమ్మలు అంటించింది. నేను మనసులో ఆ వరి పొలాల ఒడ్ల మీద ఎన్నిసార్లు నడిచి వచ్చానో నాకే తెలియదు. బుధవారం ఆఫీసులో ఏ మీటింగ్‌లో ఏం మాట్లాడానో గుర్తు లేదు. అమ్మమ్మకు బాగాలేదని చెప్పనా, వీసా పని ఉందని చెప్పనా అని ట్రామ్‌లో పెదాలు కదుపుతూ కూర్చుంటే ఎదుటి ఆవిడ లేచి వేరే సీట్లోకి మారింది.

ఆ సాయంత్రం అమ్మాయి వంటగదిలోకి వచ్చింది. నేను తెలుగులో అడిగినా జర్మన్‌లోనే జవాబు చెప్పే పిల్ల అది. ఆ రోజూ జర్మన్‌లోనే, నాకు జ్వరం రాబోతోందా అని అడిగింది. మా మాటలు వినే ఉంటుంది.

"ఏం లేదు. రేపు టీచరు ఏమన్నా అడిగితే నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడత."

మాట్లాడితే ఏమవుతుందని అడిగింది. సొరచేపల దగ్గరికి పోలేమని చెప్పాను. ఇంకేమీ అడక్కుండా తన గదిలోకి వెళ్లిపోయింది. చపాతీ పిండి కలుపుతున్నాను, దాని వెనక పోవాలని అనిపించలేదు.

గురువారం పొద్దున తరగతి గది ఖాళీగా ఉంది. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాను. అమ్మాయి నా పక్కన నిలబడింది. టీచరుకు యాభై దాటి ఉంటాయి. కోపంగా లేదు, అదే నాకు ఇబ్బంది అయింది. శుక్రవారం సంగతి ఏమిటో చెప్పండి అని మెల్లగా అడిగింది. రెండు రోజులు సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ నోటి దాకా వచ్చి కలగాపులగం అయిపోయాయి.

నేను నోరు తెరిచే లోపు అమ్మాయి చెయ్యి ఎత్తి నుదుటి మీద పెట్టుకుంది.

"నాకు నిన్నటి నుంచే కొంచెం వేడిగా ఉంది. అమ్మ చెయ్యి పెట్టి చూసింది," అని జర్మన్‌లో చెప్పింది.

టీచరు కళ్లలోకి సూటిగా చూస్తూ, ఎక్కడా తడబడకుండా చెప్పింది. ట్రామ్‌లో అతనికి నిజం చెప్పినప్పుడు ఎట్లా చెప్పిందో అట్లాగే చెప్పింది. టీచరు దాని మీద నుంచి చూపు తిప్పుకుంది. నా వైపే చూసింది. నాకు అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ కలగలేదు.

దానికి జ్వరం లేదని, తప్పు నాదని, టికెట్లు కొన్నానని చెప్పేశాను. నా జర్మన్‌లో విభక్తులన్నీ తప్పులే పోయి ఉంటాయి, నేను పట్టించుకోలేదు. టీచరు చివరిదాకా విన్నది. అనుమతి నెల ముందు అడగాల్సిందని, ఇప్పుడు తన చేతిలో ఏమీ లేదని, సెలవుల ముందు రోజు కాబట్టి శుక్రవారం బడి మూడో పీరియడ్‌తోనే అయిపోతుందని, ఆ తర్వాత పిల్ల మీదేనని చెప్పింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, నీకు బాగానే ఉన్నందుకు సంతోషం, వెళ్లి జాకెట్ విప్పి కొక్కేనికి తగిలించు అంది. అది నా వైపు చూడకుండా వెళ్లింది.

టికెట్లు శనివారానికి మార్చుకున్నాం. మూడు రోజులు రెండయ్యాయి. సొరచేపలు ఉంచి సరస్సు కొట్టేశాను. కొయ్యకాళ్లు తప్పినయ్ అని ఆయన నన్ను నవ్వించబోయాడు. వరి పొలాల కోసం మూడు వారాలు కొట్టుకున్నదాన్ని, వాటిని కొట్టేసేటప్పుడు ఏమీ అనిపించలేదు. నా మనసు వేరే చోట ఉంది. అమ్మాయికి ఏమని చెప్పాలి? నా కోసం చెప్పావు కాబట్టి మంచిదే అనాలా, తప్పని తిట్టాలా? ఏది అన్నా నాకే తగులుతుంది. ఆ రాత్రి అన్నాల దగ్గర అబద్ధం నేర్పింది నేనే, నన్ను క్షమించు అన్నాను. ఫర్వాలేదు అని పెరుగు కలుపుకుంది.

శుక్రవారం ఎట్లాగూ సెలవు పెట్టుకున్నాను కాబట్టి ఇంట్లోనే ఉండి బట్టలు సర్దుతున్నాను. మధ్యాహ్నం కాకముందే అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు గుమ్మం దగ్గర పడేసి మంచం మీద కూర్చుంది. బడి ఎట్లా అయిందని అడిగాను. బాగా అయింది అంది.

"టీచరు నిన్నటి గురించి ఏమన్నా అన్నదా?"

ఏమీ అనలేదని చెప్పింది. ఇంతకు ముందైతే అక్కడితో అయిపోయేది. నేను నా చేతిలోని చొక్కా మడత సగంలో ఆపి, తల ఎత్తి దాని మొహంలోకి చూశాను. నిజమేనా అని చూశాను. చూస్తున్నానని దానికి తెలిసిపోయింది.

"నిజంగనే అమ్మా," అంది తెలుగులో.

ఈ తొమ్మిదేళ్లలో దానికి ఆ మాటతో ఎప్పుడూ అవసరం పడలేదు.