నిలబడ్డ టేకు చెట్టు

ఎక్కడో అమెరికా పార్కులో, ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్ల మధ్య డేరా వేసుకుని పడుకున్న ఒక కుటుంబాన్ని ఫోన్లో చూసి, మనమూ వెళ్దామని మా అమ్మాయి నా ప్రాణం తీసింది. అంత దూరం మా వల్ల కాదు. అయితే మేముండే బర్మాలోనే, మా యాంగోన్‌కి ఉత్తరాన, ఒక పూట ప్రయాణంలో, గొడ్డలి తగలని పాత టేకు అడవి ఉందనీ, అక్కడ రాత్రి ఉండనిస్తారనీ మా ఆఫీసులో ఒకామె చెప్పింది. ఇంకేం, నేను రంగంలోకి దిగాను.

నేను దిగానంటే ఇంట్లో మిగతావాళ్ళు తలూపడమే. దోమతెరలు, చిన్న గ్యాస్ పొయ్యి, పబేడాన్ బజారులో బేరమాడి కొన్న పాత డేరా, అన్నీ సిద్ధం. వచ్చేవాళ్ళ పేర్లు వారం ముందే పంపమని పార్కువాళ్ళు అన్నారు. నేను, మా ఆయన, అమ్మాయి, మూడు పేర్లూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మామగారి పేరు రాయలేదు. ఆయనకి ఎనభై దగ్గర పడుతోంది, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ రెండు రోజులూ ఆడపడుచు ఇంట్లో ఉంటారని నేనే తేల్చేశాను. ఆయన్ని ఒక్క మాట అడగాలని తోచనే లేదు.

మామగారు నలభై ఏళ్ళు సేక్కాన్ రేవులో టేకు దుంగలు ఓడలకెక్కించారు. వాళ్ళ నాన్నదీ అదే పని.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా డేరా కిటికీ ఊచలకీ బీరువా కాళ్ళకీ తాళ్ళతో బిగించేసి ఉంది. తాతా మనవరాలూ పక్కనే కూర్చున్నారు. ఓ ముడి విప్పబోతే నా గోరు విరిగింది. ఒళ్ళు మండిపోయింది.

"ఏటి మావయ్యా ఇది? చింపేస్తారా ఏటి?"

ఆయన నవ్వి తాడు కొసని ఒక్క వేలితో లాగారు. ముడి జారి విడిపోయింది.

"దుంగకేసే ముడమ్మా. బరువు పడితే బిగుస్తాది, ఇలాగ లాగితే ఇడిపోద్ది. అడివిలో గాలేస్తే డేరా ఎగిరిపోకండా ఉంటాది. నాను రాను కదా, పిల్లకి నేర్పుతున్నాను."

ఫ్రిజ్ మీది కాగితం ఆయన చూశారన్నమాట. నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.

"మీకు రావాలనుందా మావయ్యా?"

ఆయన తాడు చేతికి చుట్టుకున్నారు. "ఎన్ని వేల దుంగలు సూసేనో. అన్నీ పడుకున్నవే. నిలబడ్డ టేకు సెట్టు ఒక్కటీ సూడ్నేదమ్మా నాను. మా అయ్యా సూడ్నేదు."

సిగ్గేసింది నాకు. ఆ దుంగలు మోసిన కూలితోనే మా ఆయన చదువుకున్నాడు, మేముంటున్న ఈ ఇల్లు నిలబడింది. "నాకెందుకమ్మా, మీరు ఎల్రండి" అని ఆయన మాట దాటేసి ఉంటే నేను సరేనని ఊరుకునేదాన్ని. మనసులో మాట దాచకుండా చెప్పినందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అక్కడే నిలబడి పార్కుకి ఫోన్ చేసి, మామగారి పేరు కూడా చేర్చమన్నాను. కారు మొదటి పెద్ద చెట్టు దాకా వస్తుందనీ, పెద్దాయనకి మడత మంచం తానే చూస్తాననీ అక్కడి మనిషి అన్నాడు. బర్మా భాషలో నాకొచ్చిన కృతజ్ఞతలన్నీ చెప్పేశాను. ఈలోగా మామగారు నా మోచెయ్యి తట్టారు.

"ఆ సెట్టుని ముట్టుకోనిస్తారేటో అడుగమ్మా."

అడిగాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు, అన్నాడు అతను. ఆ మాటే ఇంకోసారి చెప్పమన్నాను. ఫోను మామగారి చెవికి ఆనించాను.