సరిచేసిన పేరు

మస్కి నుంచి రాయచూరు వస్తున్న బస్సులో, నా ల్యాప్‌టాప్ చూసి పక్క సీటాయన తన ఫోన్ అందించారు. అందులో చనిపోయిన ఆయన కూతురి ఫోటో ఉంది. కింద తెలుగులో వేయించిన ‘శ్రావ్య’ అనే పేరులో వత్తులు ఊడి పక్కకు పడ్డాయి.

"కన్నడమోళ్ల షాపుల చేయించిన సార్. బిడ్డ పేరు గిట్లొచ్చింది."

తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరికే వెబ్‌సైట్ ఒకటి నాకు తెలుసు. అందులోంచి మంచి ఫాంట్ దించుకుని, ఫోటోను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని, పేరు సరిచేసి చూపించాను.

ఆయన చాలాసేపు చూశారు.

"పేరు సక్కగ లేదనే ఇన్ని దినాలు పటం కట్టియ్యలే. ఇంట్ల ఆమెకు గూడ అదే చెప్పుకుంట వచ్చిన. ఇగ కట్టియ్యాలె."

నంబరు చెప్పి పంపమన్నారు, పంపాను. ఆయన ఫోన్‌లో మెసేజ్ వచ్చిన చప్పుడైంది. రాయచూరు వచ్చేదాకా ఆయన దాన్ని తెరిచి చూడలేదు.