నాటకశాలలో మూడు గంటల చాయ్

మొన్న ఖమ్మంలో పెళ్లికి వెళ్లి వస్తుంటే ఆటో ఒక సందులో ఆగింది. పాత నాటకశాల ఉన్న చోట నాలుగంతస్తుల బట్టల దుకాణం కనిపించింది. పక్కనున్న మనవరాలికి ఏదో చూపించబోయి, చూపించడానికి ఏమీ మిగలక ఊరుకున్నాను.

నేను ఆ హాల్లో అడుగుపెట్టింది ఒక్కసారే, ఎనభైల్లో. పిల్లలిద్దరితో ఏన్కూరు పక్కన పుట్టింటికి వచ్చినప్పుడు చిన్నదానికి చెవిపోటు మొదలైతే ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరు చెవిలోంచి పెసరగింజ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ గింజ తనదేనని, పారెయ్యొద్దని పిల్ల బజారంతా ఏడుస్తూనే వచ్చింది. మూడు గంటలవుతోంది, బస్సుకు ఇంకా రెండు గంటలుంది. నాటకశాల తలుపు తెరిచి కనిపించేసరికి కాళ్లు అటు నడిచాయి.

మా ఇంట్లో ఆ హాలు ఊసు ఎత్తేవాళ్లం కాదు. మా నాన్న రాణి వేషాలకు పేరుమోసిన మనిషి. పొలం పనికి ఎంత బద్ధకమో, మీసం తీసి చీర కట్టడానికి అంత హుషారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఆయన ఇక్కడ పగటిపూట పోటీల్లో వేషం కట్టిన రోజే, ఊళ్లో నా తమ్ముడు జ్వరంతో పోయాడు. కబురు అందినా నాటకం ముగించుకునే వచ్చాడని అందరూ అన్నారు. నాన్న మళ్లీ వేషం కట్టలేదు. అమ్మ ఆయనకు అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, అవసరమైతేనే మాట్లాడింది. ఆయన పోయేదాకా, పదిహేనేళ్లు, అంతే.

లోపల కుర్చీలు లేవు. రేకుల సందుల్లోంచి ఎండ గీతలుగా పడుతోంది. పావురాల రెట్ట, తడిసిన సున్నం, పాత పరదాల వాసన. స్టేజీ అంచున ఒక ముసలాయన ముగ్గురు మనవలను కూర్చోబెట్టుకుని కిరసనాయిలు స్టవ్వు మీద చాయ్ కాస్తున్నాడు. ఒకప్పుడు వేషగాళ్లకు రంగులు వేసేవాడినని, ఇప్పుడు కాపలా ఉంటున్నానని చెప్పాడు. మా పిల్లలను చూసి, ఎవరూ అడగకుండానే, గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోశాడు. కాసేపటికి ఐదుగురూ కాళ్లు వేలాడేసుకుని సాసర్లు ఊదుకుంటూ, ఎవరి బిస్కెట్ ముందు విరిగి చాయ్‌లో పడుతుందా అని పోటీ పెట్టుకున్నారు.

“ఏ ఊరు బిడ్డా మీది?”

ఊరు చెప్పాను. నాన్న ఎవరో కూడా చెప్పాను. ఆయన చేతిలోని గిన్నె దించి పక్కన పెట్టాడు.

“ఆ రోజు బస్ కండక్టర్ చీటీ తెచ్చి నా చేతికే ఇచ్చిండు. కొడుక్కి బాగలేదు, జల్దీ రమ్మని. నేను మీ నాయన మొఖానికి రంగేస్తున్న. ఇప్పుడిస్తే ఆట ఆగుతది, అయినంక ఇయ్యి అన్నడు మేనేజర్. నేను ఆయన మాట ఇన్న.” స్టవ్వు ఆర్పాడు. “ఆట అయినంక ఇచ్చిన. చీటీ చదివినంక మీ నాయన నన్ను ఒక్క మాటనలే. కట్టిన చీర మీదనే రోడ్డు మీదికి ఉరికిండు.”

ఆయన క్షమించమని అడగలేదు. చిన్నది ఇంకాస్త చాయ్ కావాలంటే సాసరు వంచి పోశాడు. సగం నేలపాలైంది.

తిరుగు బస్సులో అడవి దారంతా ఈ సంగతి అమ్మకు ఎలా చెప్పాలా అనే ఆలోచించాను. చెబితే ఇన్నేళ్ల బరువు దిగుతుందని నా ఆశ. ఇంటికి చేరేసరికి అమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను.

“చీటీ సంగతి మీ నాయన అప్పుడే చెప్పిండు,” అంది అమ్మ, తల ఎత్తకుండా.

“మరి?”

“నేనే నమ్మలే.”

చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. తర్వాత, ఆ ముసలాయన అన్నది మళ్లీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది.

అమ్మ అప్పటి వయసును నేను దాటి ఏళ్లయింది. ఆ పదిహేనేళ్లూ వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద, చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉన్నారు. కాలం మాత్రం ఇద్దరి మధ్య నుంచీ, ఎవరినీ పలకరించకుండా నడిచి వెళ్లిపోయింది.