నా వెనకే వచ్చిన పెద్దాయన

షుగర్ ఉందని తేలాక, ఐదు కిలోమీటర్లు పరుగెత్తగలగాలని పట్టుదల పెంచుకున్నాను. మేముండే నేవన్ ఊరి పార్కులో శనివారాలు అందరూ కలిసి పరుగెడతారంటే వెళ్లాను. కాసేపటికే అందరూ నన్ను దాటిపోయారు. పసుపు జాకెట్ వేసుకున్న ఓ పెద్దాయన మాత్రం నా వెనకే ఉన్నాడు. నేను నడిస్తే నడుస్తున్నాడు, ఆగితే ఆగుతున్నాడు. నన్ను బయటికి పంపేయడానికి వచ్చాడా? చివరికి, "నా వెంట ఎందుకు పడుతున్నారు?" అని అడిగేశాను.

"అయ్యో, యూ ఆర్ గ్రాండ్, కంగారేం లేదు! అందరికన్నా వెనక రావడమే నా డ్యూటీ. నేనుండగా నువ్వు లాస్ట్ ఎలా అవుతావు?" అన్నాడు.

సిగ్గుతో నవ్వొచ్చింది. ఇద్దరం కబుర్లాడుకుంటూ ముగింపు గీత చేరేసరికి, ముందే వచ్చినవాళ్లు వానలో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వెనకబడ్డవాళ్లకు తోడుగా ఓ మనిషిని ఉంచాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.