మంచి పిల్లల తాత

ఆ చిన్నపిల్లల బడిలో ఆయాను అందరూ జేబులమ్మ అనేవారు. ఆమె నీలం కోటుకు నాలుగు జేబులు. వాటి నిండా చీమిడి తుడిచే గుడ్డలు, తెగిన గుండీలు, ఎవరిదో ఊడిన పాలపన్ను. పంతొమ్మిదేళ్ళుగా పిల్లల బూట్లు విప్పడం, తొడగడం, తడిసిన మేజోళ్ళు ఆరేయడం ఆమె పని. పెళ్ళి కాలేదు. "నాకేం తక్కువ? ఏటా ముప్పైమందిని కంటాను, ఒక్క నొప్పీ పడకుండా," అని నవ్వేది.

చలికాలం సెలవుల ముందు టీచరమ్మ ఏటా మంచు తాత కథ చెప్పేది. తెల్లగడ్డం, భుజాన బొమ్మల మూట. ఏడాదంతా మంచిగా ఉన్న పిల్లల ఇంటికి మాత్రమే వస్తాడు. ఆ 'మాత్రమే' దగ్గర టీచరమ్మ వేలు పైకెత్తేది.

ఆ ఏడు ఆ వేలి వంక కన్నార్పకుండా చూసిన పిల్ల ఒకతి ఉంది. ఆరేళ్ళది. గుప్పెడంత మనిషి గనక పిచ్చుక అనేవాళ్ళు. తండ్రి లేడు. తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. ఆమె చేతులు ఎప్పుడూ నానిపోయి, ముడతలు పడి ఉండేవి. కిందటేడు తాత వాళ్ళింటికి రాలేదు.

ఆ రోజు నుంచీ పిచ్చుక మంచిగా ఉండడం మొదలుపెట్టింది. తోటివాళ్ళ కోట్లు మడతపెట్టింది. జుట్టు పట్టి లాగినా కిక్కురుమనలేదు. పాఠం మధ్యలో లేవడం తప్పనుకుని, బిగబట్టి బిగబట్టి ఒకనాడు కుర్చీలోనే తడుపుకుంది. గౌను మారుస్తున్న జేబులమ్మ చెవిలో, "ఇది తాతకి తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలీదులే తల్లీ. నేను చెబితేగా!"

సెలవులయ్యాయి. పిల్లలు బొమ్మలు పట్టుకుని బిలబిలమంటూ వచ్చారు. పిచ్చుక వట్టి చేతులతో వచ్చి, కోట్లు తగిలించే గదిలో ఓ మూల కూర్చుంది. జేబులమ్మ పక్కనే చతికిలబడింది.

"ఎందుకు రాలేదో నాకు తెలుసు ఆయమ్మా. నేను పైకే మంచిదాన్ని. లోపల చెడ్డదాన్ని. ఆయన లోపల కూడా చూస్తాడు."

జేబులమ్మ ముందూ వెనకా చూసుకోలేదు.

"తాతా లేడు, గీతా లేడు. అది ఉత్త కథ. ఆ బొమ్మలన్నీ వాళ్ళ అమ్మానాన్నలు కొట్లో కొన్నవే. నీలో ఏ చెడ్డా లేదు, విన్నావా?"

పిచ్చుక తన బూటు తాడు విప్పి, మళ్ళీ ముడేసుకుంది.

"అయితే నాకు బొమ్మ ఇవ్వొద్దనుకున్నది మా అమ్మేనా?"

"అమ్మ దగ్గర డబ్బుల్లేవు తల్లీ..."

"మరి తనకి కొత్త బూట్లు కొనుక్కుందిగా?"

రోజంతా నీళ్ళలో నిలబడే మనిషికి బూట్లు ఎందుకో ఆరేళ్ళదానికి ఎలా చెప్పాలి?

తలుపు అవతల ఇద్దరు పిల్లలు విననే విన్నారు. సాయంత్రానికి పది ఇళ్ళలో ఏడుపులు. తెల్లారేసరికి తల్లిదండ్రులంతా పెద్ద టీచరు గదిలో ఉన్నారు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"మీ మనసు మంచిదే ఆయమ్మా," అంది పెద్ద టీచరు. "కానీ ఇంతమందికి నేను జవాబు చెప్పుకోలేను. రేపట్నుంచి రావద్దు."

గేటు దగ్గర పిచ్చుక తల్లి ఎదురైంది. ఈవిడైనా ఓ మంచి మాట అంటుందని జేబులమ్మ ఆశపడింది.

"ఎందుకు చెప్పారండీ? వచ్చే ఏడు తాత వస్తాడులే అంటూ తప్పంతా ఆయన మీదకి తోసేసి నెట్టుకొస్తున్నాను. రాత్రి నుంచీ పిల్ల నాతో మాట్లాడట్లేదు. తినమంటే 'నాకొద్దు, నువ్వు తిను' అంటోంది."

"తను చెడ్డదాన్నని అనుకుంటుంటే చూడలేకపోయానమ్మా."

"ఇప్పుడు నేను చెడ్డదాన్నయ్యాను. అంతేగా తేడా?"

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదేననుకుంది జేబులమ్మ. అనుకున్నంత మాత్రాన బరువు తగ్గలేదు. వేరే బడుల్లో అడిగింది. ఆమెకన్నా ముందే ఆ కబురు అక్కడికి చేరింది. చివరికి ఓ ఆరంతస్తుల ఆఫీసులో మెట్లు తుడిచే పని దొరికింది.

మరుసటి చలికాలం బస్సు స్టాపులో ఆ తల్లీ కూతుళ్ళు కనిపించారు. పిచ్చుక కాస్త పొడుగైంది. తల్లికి బారెడు దూరంలో, తన సంచి తనే పట్టుకుని నిలబడింది. జేబులమ్మను చూసి పెద్దమనిషిలా తలూపింది.

"ఈసారి కొన్నానండీ, బొమ్మ," అంది తల్లి మెల్లగా. "థాంక్స్ అమ్మా అంది. పెట్టె విప్పనే లేదు."

బస్సొచ్చింది. ఇద్దరూ ఎక్కి వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. జేబులమ్మ పనికి ఆలస్యమవుతోందని నడక మొదలుపెట్టింది.