గట్టు కింది చెమ్మ

మా అమ్మాయి ఒక్కరోజులో హైదరాబాదు చుట్టి ఫొటోలు పంపింది. కొండలు, బండరాళ్లు, చివర్న ఒక చెరువు గట్టు కింద కూర్చుని తను. ఆ గట్టు చూడగానే ఫొటో పెద్దది చేసి, కింద నేల తడిగా ఉందేమో చూశాను.

కర్ణాటకలో జవళగేర దగ్గర, ఆంధ్ర నుంచి వలసెళ్లిన రైతుల వరి క్యాంపుల్లో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాలవ నిండితే మన నాన్నలు పారలు పట్టుకుని గట్టు వెంబడి చెమ్మ వెతికేవాళ్లు. చెమ్మ కనిపించిందంటే గండి పడబోతున్నట్టే.

నా చిన్నప్పుడు నాన్న మమ్మల్నీ అలాగే ఒక్కరోజులో హైదరాబాదు తిప్పాడు. పొద్దున కొండ మీంచి ఊరంతా చూశాం. సాయంత్రం ఓ చెరువు గట్టు దిగువన అమ్మ పులిహోర పొట్లం విప్పింది. నాన్న నేల తడిమి, బురదంటిన వేళ్లు చూపించాడు.

"ఏమే, గట్టు చెమ్మేసింది. పిల్లనెత్తుకో!"

అమ్మ నన్ను చంకనేసుకుని పరుగెత్తింది. పులిహోర మట్టిపాలైంది. ఆమె గుండె నా చెవిలో దబదబా కొట్టుకుంటోంది. వెనక నాన్న, "లేవండి బాబూ, గండి పడుద్ది!" అని అందరినీ లేపుతున్నాడు.

ఇంతలో అక్కడి తోటమాలి వచ్చి, మొక్కలకు పెట్టిన గొట్టంలోంచి కారుతున్న నీళ్లు చూపించాడు. అందరూ నవ్వారు. అమ్మ మాత్రం బస్సెక్కేదాకా నన్ను దించలేదు.

ఇందాక ఫొటో బాగుందని రాయబోయాను. "గట్టు కింద కూర్చోకమ్మా, పైకి వచ్చెయ్" అని రాశాను.