గేటు దాటని చలిమిడి

కారు లేకపోయినా మా పెనాంగ్ జార్జ్ టౌన్ నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల చోట్లు బోలెడున్నాయని ఈ కాలపు పిల్లలు నాకు పాఠం చెబుతుంటారు. ఫెర్రీ ఎక్కు మావా, బస్సు ఎక్కు మావా, అదిగో జలపాతం, ఇదిగో పళ్ళతోట. వింటుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కారు లేని ప్రయాణం గురించి నాకు చెప్పకండి. ఏడు జన్మలకు సరిపడా ఒక్క ఆదివారంలో చేసొచ్చాను. ఆ తర్వాత నా నెత్తిమీద జుట్టంతా పోయింది గాని ఆనాటి కోపంలో ఒక్క వెంట్రుక కూడా రాలలేదు.

అది మెర్డెకా, అంటే మలాయ్ దేశానికి స్వతంత్రం, వచ్చిన యేడాది. జెండా మారిందని మైదానంలో గొంతులు చించుకుని అరిచాము. నేను అరిచిన అరుపుకి సముద్రం అవతల బటర్‌వర్త్‌లో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని చెప్పుకున్నారు. చెప్పుకున్నది నేనే అనుకోండి. స్వతంత్రం అయితే వచ్చింది గాని ఎమర్జెన్సీ పోలేదు. అడవిలో కమ్యూనిస్టులున్నారు, వాళ్ళ కడుపు మాడ్చాలి, కాబట్టి రబ్బరు తోటల్లోకి ఒక్క బియ్యం గింజ పోకూడదు. ఇదీ లెక్క. కూలిం ఊరు దాటాక లోపలికి వెళితే మా బావ గుమస్తాగా ఉన్న తోట. అక్కడ ఇళ్ళలో బియ్యం ఉంచుకోవడానికే వీల్లేదు. ఒక షెడ్డులో అందరికీ కలిపి వండిన అన్నం గరిటెతో కొలిచి పెట్టేవారు. ఆ అన్నం గోడకేసి కొడితే గోడ పడిపోతుంది, అన్నం పడదు.

ఆ తోటలో మా అక్క నెలలు నిండి ఉంది. బస్సు కుదుపులు కూడదని తోట ఆసుపత్రి డ్రెస్సరు కచ్చితంగా చెప్పడంతో పురుటికి పుట్టింటికి తెచ్చుకోలేకపోయాము. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. కడుపుతో ఉన్న కూతురి ఒడిలో పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టి తినిపిస్తే కడుపు చలవ అని మాలో ఆచారం. ఆ మొదటిసారి కర్ఫ్యూ వల్ల మా అమ్మ వెళ్ళలేకపోయింది. చలిమిడి పెట్టలేదు. బిడ్డ పోయింది. ఈ రెండు మాటల మధ్య డాక్టర్లు ఎన్ని కారణాలైనా దూర్చవచ్చు, మా అమ్మ మాత్రం ఒక్కటీ దూరనివ్వలేదు. ఈసారి ఆకాశం ఊడి పడినా సరే, చలిమిడి అక్క నోట్లో పడాల్సిందే.

మాకు కారు లేదు. మా బాబాయికి ఉంది. నల్ల ఆస్టిన్. దాన్ని ఆయన కడిగే నీళ్ళతో పెనాంగ్ కొండ మీద ఇంకో జలపాతం పెట్టొచ్చు. తోటల దొరలకు సామాన్లు సరఫరా చేసి పైకొచ్చిన మనిషి. ప్రతి ఆదివారం కారుని ఫెర్రీ ఎక్కించుకుని మా అక్క ఉన్న ఆ తోటకే, మేనేజరు దొర బంగళాకే వెళ్ళేవాడు. మేం బయలుదేరే ముందురోజు అమ్మా నేనూ ఆయన ఇంటికి వెళ్ళాము.

"బాబూ, నువ్వు ఎలాగూ ఎల్తన్నావు. మమ్మల్నీ ఎక్కించుకోలేవా?" అంది అమ్మ.

"వదినా, నువ్వేటి అడగతన్నావో నీకు తెలస్తందా? గేటు కాడ బియ్యప్పిండి దొరికితే నన్ను లాకప్‌లో ఎడతారు! దొర ముందర నా మరియాదేటవుద్ది?"

"పిండి కాదు బాబూ, సలిమిడి."

"సలిమిడి దేంతో సేసినావు? ఇసకతోనా?"

నాకు నోరు ఊరుకోదు. "దొరగారి హామ్ డబ్బాలు, కేకులు మీ కారులోనే గేటు దాటతాయి కదా బాబాయ్?" అన్నాను.

"అది దొర తిండిరా. కమ్యూనిస్టులు హామ్ తింటారేటి?" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆయన పొట్ట ఆడింది. ఆ పొట్టలో ఒక పటాలం కమ్యూనిస్టులకి సరిపడా మేత ఉంది. దాన్ని మాత్రం ఏ గేటు దగ్గరా ఎవరూ తనిఖీ చెయ్యలేదు.

అమ్మ వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి నానబెట్టిన బియ్యం రోట్లో పోసి దంచింది. ప్రతి పోటుకీ వీధి వీధంతా ఉలిక్కిపడింది. మామూలు బెల్లానికి బదులు గులా మెలాకా అనే కొబ్బరికల్లు బెల్లం, కొబ్బరి ముక్కలు, గసగసాలు, నెయ్యి. ఆ చలిమిడి పెట్టిన ఇత్తడి గిన్నె బరువుకి మర్నాడు ఫెర్రీ ఒక పక్కకి ఒరిగిందంటే నమ్మండి, నమ్మకపొండి.

పొద్దున్నే ట్రాలీబస్సు ఎక్కి జెట్టీకి, ఫెర్రీలో బటర్‌వర్త్‌కి, అక్కడ బస్సెక్కి కూలింకి, అక్కడ ఇంకో బస్సెక్కి తోట గేటుకి. ఆఖరి బస్సుని బస్సు అనడం ఆ జాతికే అవమానం. కిటికీ ఉన్నచోట అద్దం లేదు, అద్దం ఉన్నచోట సీటు లేదు. నా ఒళ్ళో గిన్నె, గిన్నె మీద అమ్మ చెయ్యి, అమ్మ కాళ్ళ దగ్గర చాప చుట్ట, పసుపు కుంకాల సంచి, పక్కన కోళ్ళ బుట్ట. ఒక పుంజు దారి పొడుగునా నన్నే చూస్తూ కూచుంది, వాళ్ళ తాతకి నేను బాకీ ఉన్నట్టు. నడుమ ఎక్కడో వెనకనుంచి హారన్ మోగింది. మా బాబాయి నల్ల ఆస్టిన్ మమ్మల్ని దాటి పోయింది. అది లేపిన ఎర్రదుమ్ము బస్సు నిండా పడింది. అమ్మ గిన్నె మీద చీర చెంగు కప్పి, "పోనీ" అంది. ఆ ఒక్క మాట నాకింకా చెవిలో మండుతూనే ఉంది.

తోట చుట్టూ ముళ్ళకంచె. రావణాసురుడికి అంత కంచె ఉంటే హనుమంతుడు వెనక్కి తిరిగి పోయేవాడు. గేటు దగ్గర తుపాకీతో ఒక కుర్ర మలాయ్ కాన్‌స్టేబులు, ఆడవాళ్ళని తడిమి చూడడానికి ఒక మలాయ్ ఆవిడ. కాన్‌స్టేబులు చేతిలో సన్నటి ఇనప చువ్వ. మూత తీసి, ఆ చువ్వని మా అమ్మ చలిమిడిలో దిగ్గొట్టాడు. నా గుండెలో దిగ్గొట్టినా అంత మండేది కాదు.

"బెరాస్?" అన్నాడు. బియ్యమా అని.

"కుయె," అంది అమ్మ. పిండివంట అని.

వాడు వేలితో ముట్టుకుని చూశాడు. "తా బొలే లా, మాచిక్," అన్నాడు. కుదరదు పిన్నీ అని. మర్యాదగానే అన్నాడు, పాపం. ఎవడో పైవాడు రాసిన రూలుకి కింద నిలబడ్డవాడు. వాడిమీద కోపం తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా వాడి మీసం ఇంకా మొలవలేదు.

అక్కడ లోపల, గేటుకి కూతవేటు దూరంలో, బంగళా ముందు చెట్టు నీడన బాబాయి కారు నిలబడి ఉంది. డిక్కీ తెరిచి ఉంది. నౌకరు డబ్బాలు దించుతున్నాడు. గుడ్డ కప్పిన పెద్ద కేకు ఒకటి రెండు చేతులా ఎత్తుకుని పోతున్నాడు, దేవుడి ఊరేగింపులా. దాంట్లో ఎవరూ చువ్వ గుచ్చలేదు. నేను అరిచాను. తెలుగులో, తమిళంలో, మలాయ్‌లో, నాకు రాని ఇంగ్లీషులో అరిచాను. మెర్డెకా రోజున అరిచినదానికంటే గట్టిగా అరిచాను. ఆ అరుపు జెండాకి సంతోషంతో, ఈ అరుపు అదే జెండా ఎగురుతున్న గేటుకి కోపంతో.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు సప్పుడు సెయ్యక. ఆ తంబిని ఒక మాట అడుగు. ఈ గేటు బయట కూసుని తింటే తప్పేటి?"

అడిగాను. వాడు ఆలోచించాడు. బయట తింటే తప్పు లేదు, లోపలికి మాత్రం పోకూడదన్నాడు.

"అయితే నా కూతుర్ని బయటికి పిలవమను," అంది అమ్మ.

లోపలికి పోతున్న కూలిమనిషి ఒకావిడ కబురు చేరవేసింది. కాసేపటికి అక్క వచ్చింది, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆపసోపాలు పడుతూ. వెనకాలే మా బావ, ముఖం నిండా చెమట.

"అత్తా, ఇక్కడ వద్దు. దొర సూస్తే నా ఉజ్జోగం పోద్ది."

"నీ ఉజ్జోగం దొర కాడుంది బాబూ. నా కూతురి కడుపు నా కాడుంది," అంది అమ్మ. అని, గేటు ముందు రోడ్డు మధ్యన, ఎక్కడ నీడ పడిందో అక్కడే, చాప పరిచి అక్కని కూర్చోబెట్టింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఒడిలో రవికెగుడ్డ, తమలపాకులు, అరటిపళ్ళు. వాటి మీద చలిమిడి ముద్ద. అందులో చువ్వ గుచ్చిన బొక్క ఇంకా కనిపిస్తూనే ఉంది. అమ్మ దాన్ని బొటనవేలితో పూడ్చేసింది.

"తిను."

"ఇంతా?"

"గిన్నెడూ తిను. పోయినసారిది కూడా తిను."

అక్క ఏడుస్తూ తింది. తింటూ ఏడ్చింది. ముత్తయిదువులకి పంచాలి కదా, అమ్మ చుట్టూ చూసింది. బస్సు కోసం నిలబడ్డ తమిళ ఆడవాళ్ళు చెయ్యి పట్టారు. ఆఖరికి ఆ తడిమే ఆవిడని కూడా పిలిచింది. ఆవిడ బొట్టు వద్దంది గాని చలిమిడి పట్టుకుని నమిలి, "సెడాప్," అని ఇంకో చెయ్యి చాపింది. బావుందని. ప్రభుత్వం స్వయంగా సాక్ష్యాన్ని తినేసింది.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి బాబాయి కారొచ్చింది. హారన్ కొట్టాడు. అమ్మ కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. రబ్బరు చెట్ల మీద కాకులన్నీ లేచాయి, అమ్మ లేవలేదు. బాబాయి అద్దం దించి తల బయటపెట్టాడు.

"వదినా, దారి ఇడు! ఏటిది, రోడ్డు మీద?"

"ఒడి నింపుతన్నాను బాబూ. ఆగు. నీకేటి, కారుంది. ఎంతసేపైనా కూసోవచ్చు."

ఆయన కూర్చున్నాడు. ఆ ఎండలో ఆ నల్ల కారు ఇనప పెనంలా కాలింది. లోపల బాబాయి అట్టులా వేగాడు. కాన్‌స్టేబులు కుర్రాడు ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. నా జీవితంలో ఏ సినిమా టిక్కెట్టుకీ అంత ఫలితం దక్కలేదు.

గిన్నె ఖాళీ అయ్యింది. అమ్మ అక్కని లేపి గేటు దాకా నడిపించింది. తడిమే ఆవిడ రూలు ప్రకారం చేతులు చూసింది, చెంగు చూసింది, కొప్పు చూసింది. చివరికి అరచెయ్యి అక్క పొట్ట మీద ఆనించి ఒక్క క్షణం ఆగింది. లోపల ఏదో కదిలినట్టుంది. ఆవిడ నవ్వి, "మసూక్," అంది. లోపలికి పో అని. మా అక్క గేటు దాటింది. చలిమిడీ దాటింది.

బాబాయి తలుపు తెరిచి, "సర్లే వదినా, ఎక్కండి, జెట్టీ కాడ దింపుతాను," అన్నాడు. అమ్మ ఆయన వంక కూడా చూడకుండా బస్సెక్కింది. ఖాళీ గిన్నె నా ఒళ్ళో పెట్టింది. ఆ పుంజు ఎవరి కూరలోకి పోయిందో, తిరుగు బస్సులో కనబడలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పిల్లకి మూడో నెల వచ్చాక అక్కని మా ఇంటికి తీసుకొచ్చి బారసాల చేశాము. బంధువులందరూ వచ్చారు. బాబాయి కూడా వచ్చాడు, కారు వీధి చివర ఆపి, పట్టు లాల్చీ సర్దుకుంటూ. అమ్మ మా వాకిట్లో గడపకి అడ్డంగా నిలబడి ఉంది, చేతిలో చలిమిడి పళ్ళెం.

"బాబూ, లోపలికి తిండి పోకూడదు," అంది. "ఇక్కడ బయట నిలబడి తిను."

వదినగారు హాస్యమాడుతోందనుకుని ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. చుట్టాలు చూస్తున్నారు. దారినపోయే చీనావాడు కూడా సైకిలు ఆపి చూస్తున్నాడు. బాబాయి ఆ వరండాలో నిలబడి, పట్టు లాల్చీ మీద చెమట కారుతుంటే, ముద్ద మొత్తం తిన్నాడు. తిన్నాక చేతులు చాపి చూపించమంది అమ్మ.

చూపించాడు. అప్పుడు తప్పుకుని దారి ఇచ్చింది.